కాటన్ దొర విగ్రహం చెప్పనివి

మే 15 వచ్చిందంటే గోదావరి డెల్టాలో కాలువ గట్ల మీద, లాకుల దగ్గర, ఊరి కూడళ్లలో ఒకే మనిషి విగ్రహాలకు దండలు పడతాయి. కొన్నిచోట్ల ఆయన గుర్రం మీద ఉంటాడు, కొన్నిచోట్ల నిలువెత్తున నిలబడి ఉంటాడు. సర్ ఆర్థర్ థామస్ కాటన్. 1803లో ఇంగ్లండులో పుట్టి, 1899లో అక్కడే తొంభై ఆరేళ్లకు కన్నుమూసిన సైనిక ఇంజనీరు. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల వరసలో కూడా ఆయనకు చోటిచ్చారు. గోదావరి స్నానానికి దిగినప్పుడు కొందరు ఇప్పటికీ ఒక శ్లోకం చెప్పుకుంటారు: ‘నిత్య గోదావరీ స్నాన పుణ్యదో యో మహామతిః, స్మరామ్యాంగ్లేయ దేశీయం కాటనుం తం భగీరథం’. పరాయి పాలనలో పనిచేసిన ఒక అధికారికి సంకల్పంలో చోటు దొరకడం చిన్న విషయం కాదు.

ఆ గౌరవం న్యాయమైనదే. అయితే గౌరవం, స్ఫూర్తి ఒకటి కావు. గౌరవం చేసిన మేలుకు ఇస్తాం. స్ఫూర్తి మాత్రం ఆ మేలు ఎలా చేశాడో తెలిస్తేనే కలుగుతుంది. భగీరథుడని పేరు పెట్టగానే ఆ ‘ఎలా’ కనుమరుగైపోతుంది. భగీరథుడిది తపస్సు, దాన్ని మరొకరు చేయలేరు. కాటన్‌ది తపస్సు కాదు. కొలతలు, అరువు తెచ్చుకున్న విద్య, చాలీచాలని మనుషులు, కొన్ని పెద్ద పొరపాట్లు. వీటిలో ప్రతి ఒక్కటీ మరొకరు చేయగలిగినదే, తప్పించుకోగలిగినదే. ఆదర్శంగా తీసుకోవాల్సింది ఆ భాగాన్ని.

గోదావరి పక్కనే పారుతున్నా డెల్టా ఎండిపోయేది. ఈ సంగతి ఈ తరానికి నమ్మశక్యం కాదు. ఆనకట్ట లేని రోజుల్లో కాలువలు లేకపోలేదు. నదిలో నీటిమట్టం కాలువ తలను దాటినప్పుడే వాటిలోకి నీళ్లొచ్చేవి. అంటే వరద వచ్చిన కొద్ది రోజులే. మట్టం రెండు మూడు అడుగులు తగ్గితే నది నిండుగా సముద్రంలోకి పోతుంటే గట్టు మీది మడి నెర్రెలిచ్చేది. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో వచ్చిన కరువు గుంటూరు జిల్లాను తుడిచిపెట్టింది. 5 లక్షల జనాభాలో దాదాపు 2 లక్షల మంది పోయారన్నది అప్పటి అంచనా. 1839లో కోరంగి మీద తుపాను విరుచుకుపడింది. రాజమండ్రి జిల్లా జనాభా రెండు దశాబ్దాల్లో 7.38 లక్షల నుంచి 5.61 లక్షలకు దిగిపోయింది. చచ్చినవాళ్లతో పాటు ఊళ్లు వదిలి వెళ్లిపోయినవాళ్లూ ఆ లెక్కలో ఉన్నారు.

1844లో కాటన్ ఇక్కడ మొదట చేసిన పని మట్టాలు తీయడం. డెల్టా నేల సముద్రం వైపు మైలుకు అడుగు, అడుగున్నర చొప్పున వాలుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. డెల్టాలో నది గట్టు దగ్గరి నేలే ఎత్తు, గట్టుకు దూరం పోయేకొద్దీ పల్లం. వరద ఏటేటా గట్టు మీద ఎక్కువ ఒండ్రు వేసి పోవడం వల్ల అలా అవుతుంది. కాబట్టి కాలువను గట్టు వెంబడే నడిపితే నీళ్లు రెండు పక్కలా వాటంతట అవే పల్లానికి దిగుతాయి, మురుగు కాలువ ఆ పల్లం వెంబడి పోవాలి. మొత్తం డెల్టా సాగు ఈ ఒక్క గమనిక మీద నిలబడింది. ఇక కావలసిందల్లా నదిలో నీటిమట్టాన్ని కాస్త పైకెత్తి, ఏడాదిలో ఎక్కువ రోజులు కాలువ తలకు అందేలా చేయడమే. ఆనకట్ట పని అదే. అది నీళ్లు దాచుకునే జలాశయం కాదు, నదికి అడ్డంగా వేసిన పన్నెండడుగుల గడప. వరద వస్తే దాని మీది నుంచి దొర్లిపోతుంది.

ఆనకట్టకు ధవళేశ్వరాన్నే ఎంచుకోవడంలోనూ ఇలాంటి లెక్కే ఉంది. నది చీలి డెల్టా మొదలయ్యేది అక్కడే. పక్కనే రాతి కొండ ఉంది, రాయి దూరం నుంచి తేనక్కర్లేదు. ఏటి మధ్య లంకలు ప్రవాహాన్ని నాలుగు పాయలుగా విడదీస్తాయి: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. గట్టు నుంచి గట్టుకు నది ఎన్నో మైళ్లు కనిపించినా, కట్టాల్సిన రాతి కట్టడం నాలుగూ కలిపి రెండుంపావు మైళ్లు. పైగా ఒక పాయ తర్వాత ఒక పాయ తీసుకుని కట్టవచ్చు. అవతలి పాయల్లో నీళ్లు పారుతుంటే ఇవతల పొడిగా పని చేసుకోవచ్చు.

ఇక అసలు చిక్కు పునాది. గోదావరి అడుగున ఎంత తవ్వినా ఇసుకే, గట్టి రాయి తగలదు. ఇసుక మీద గోడ కడితే నీళ్లు గోడ కింద నుంచి దారి చేసుకుంటాయి. ముందు సన్నగా ఊరుతాయి, తర్వాత ఇసుకను వెంట లాక్కుపోతాయి, ఒక రోజు గోడ కింద డొల్ల పడి కుంగిపోతుంది. ఇంగ్లండులో నేర్పిన ఇంజనీరింగులో ఈ చిక్కుకు సిద్ధంగా ఉన్న జవాబు లేదు. జవాబు కావేరి దగ్గర దొరికింది.

కాటన్ అంతకు ముందే తంజావూరు, తిరుచ్చి ప్రాంతాల్లో కావేరి పనులు చూశాడు. అక్కడ చోళుల కాలం నాటి కల్లణై ఉంది. లోతు తెలియని ఇసుక మీద బండరాళ్లు పడేస్తూ పోతే అవి కుంగుతాయి, మళ్లీ వేస్తారు, మళ్లీ కుంగుతాయి, ఒక దశలో ఇక కుంగవు. దాని మీద కట్టుకుంటూ పోయారు. అక్కడి పనివాళ్లకు రెండో విద్య కూడా తెలుసు: బావి దించడం. ఇసుక మీద ఇటుకతో వలయంగా గోడ కడతారు. మనిషి లోపలికి దిగి అడుగు ఇసుకను తోడి పైకి పంపుతాడు. తోడేకొద్దీ వలయం తన బరువుకు తానే కిందికి దిగుతుంది. దిగేకొద్దీ పైన మరికొన్ని వరసలు కడతారు. ఇక్కడ తేడా వచ్చేది ఒక పక్కన ఎక్కువ, ఒక పక్కన తక్కువ తోడినప్పుడు. వలయం ఒరిగిందంటే నిలబెట్టడం కష్టం, ఇటుక పగుళ్లిస్తుంది. అందుకే చుట్టూ సమంగా, కొంచెం కొంచెంగా తోడాలి, దిగుతున్నంతసేపూ మట్టం చూస్తూ ఉండాలి. కావలసిన లోతుకు చేరాక లోపల రాయి, సున్నం నింపి బిగిస్తారు. అలాంటి బావులను పక్కపక్కనే వరసగా దించితే ఇసుకలో పాతుకున్న గోడ తయారవుతుంది. ధవళేశ్వరంలో అలాంటి బావుల మీదే గోడలు లేచాయి. గోడల మధ్య ఇసుక నింపి పైన రాతి కప్పు వేశారు. నీళ్లు దూకే వైపు పెద్ద రాళ్లను ఏటవాలుగా పరిచారు, దూకిన నీటి జోరు ఆ రాళ్ల మీదే అణగాలని.

తర్వాతి కాలంలో కాటన్ ఈ సంగతిని దాచుకోలేదు. లోతు తెలియని ఇసుకలో పునాది వేయడం ఈ దేశపు పనివాళ్ల దగ్గరే నేర్చుకున్నామని, ఆ పాఠంతోనే వంతెనలు, ఆనకట్టలు, నది మీదుగా కాలువను దాటించే అక్విడక్టులు కట్టగలిగామని, ఆ రుణం పెద్దదని రాశాడు. ఆయన్ని మెచ్చుకోవడానికి ఎన్ని కారణాలున్నా ఇది వాటన్నిటికంటే పైన ఉండాల్సింది. పాలకుడి హోదాలో ఉండి పాలితుల విద్యను విద్యగా గుర్తించడం ఆ రోజుల్లో అరుదు. అయినా విగ్రహాల కింద శిలాఫలకాల మీద ఈ వాక్యం ఎక్కడా కనబడదు.

పని మొదలయ్యాక పరిస్థితి ఇంకో పాఠం. ఆనకట్టకు కాటన్ వేసిన అంచనా 47,575 పౌండ్లు, అప్పటి రూపాయల్లో సుమారు 4.75 లక్షలు. ఆరుగురు ఇంజనీరు అధికారులను, కొలతలకు ఎనిమిది మంది కుర్రవాళ్లను, రెండు వేల మంది తాపీ పనివాళ్లను, వాళ్లకు తగ్గట్టు వడ్రంగులను, కమ్మర్లను అడిగాడు. వచ్చింది అందులో కొద్ది భాగం, అదీ ఎక్కువగా పని నేర్పించుకోవాల్సిన కుర్రవాళ్లు. 1847లో పని మొదలైంది. నది ఏడాదిలో సగం రోజులు మాత్రమే పని చేయనిస్తుంది. వరద దిగాక మొదలుపెట్టి, జూన్‌లో మళ్లీ నీళ్లు పెరిగేలోపు ఆ ఏటి పనిని వరద తట్టుకునే దశకు తేవాలి. సగంలో వదిలిన గోడను గోదావరి మిగల్చదు. కొండ నుంచి రాయి తేవడానికి పట్టాలు పరిచి బండ్లు నడిపారు, పడవల మీద పాయలు దాటించారు. గానుగ సున్నం రాత్రింబవళ్లు నూరారు.

1848లో కాటన్ ఒళ్లు బాగా చెడింది. సెలవు మీద ఆస్ట్రేలియా వెళ్లిపోవాల్సి వచ్చింది. పని మధ్యలో, ఆనకట్ట ఇంకా పూర్తి రూపానికి రాకముందే. ఆ రెండేళ్లూ కెప్టెన్ చార్లెస్ ఆర్ పనిని నడిపించాడు. కాటన్ 1850లో తిరిగి వచ్చేసరికి పని ఆగలేదు, దారి తప్పలేదు. 1852 నాటికి ఆనకట్ట నిలబడింది. ఖర్చు మాత్రం అంచనాను బాగా దాటింది. ఆ తర్వాత అదే ఆర్ విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట కట్టించాడు. కాటన్ కింద పని నేర్చుకున్న మరో కుర్రవాడు, లెఫ్టినెంట్ హేగ్, కోనసీమలో వైనతేయ పాయ మీద గన్నవరం అక్విడక్టు కట్టాడు. ఒక్కొక్కటి నలభై అడుగుల వెడల్పున్న 49 కమానులు, కింద నది, పైన కాలువ.

ఒక మనిషి గొప్పవాడా కాదా తేల్చుకోవడానికి ఇంతకంటే నమ్మదగిన పరీక్ష దొరకదు. ఆయన లేనప్పుడు పని ఏమైంది? చాలామంది ఆరాధ్య నాయకుల విషయంలో జవాబు బాధాకరంగా ఉంటుంది: నాయకుడు పోగానే సంస్థ చీలింది, పని ఆగింది, వారసులు కొట్లాడుకున్నారు. ధవళేశ్వరంలో నాయకుడు మంచం పట్టినా పని నడిచిందంటే, పని పద్ధతి ఆయన తలలో మాత్రమే లేదన్నమాట. కాగితం మీద ఉంది, శిష్యుల చేతుల్లో ఉంది, తాపీ పనివాళ్ల అలవాటులో ఉంది.

ఆ చేతుల్లో ఒకటి వీణెం వీరన్నది. స్థానికుడు. కూలీలను సమకూర్చడంలో, పనిని క్రమంలో పెట్టడంలో కాటన్‌కు కుడిభుజం. తర్వాత ఆయనకు రాయ్ బహద్దూర్ బిరుదు వచ్చింది. 1867లో కన్నుమూశాడు. ఆయన పేరున ధవళేశ్వరం లాకుల దగ్గర ఒక శిలాఫలకం ఉంది, చదివేవాళ్లు తక్కువ. వీరన్న పేరైనా మిగిలింది. ఎండలో రాయి కొట్టినవాళ్లు, ఇసుక బావుల్లోకి దిగి తోడినవాళ్లు, వేల సంఖ్యలో ఉన్నవాళ్లు, ఒక్కరి పేరు కూడా లేదు. వాళ్లను కథలో చేర్చినంత మాత్రాన కాటన్ ఏమాత్రం చిన్నబోడు. ఇన్ని వేల మందిని సగం సిబ్బందితో, వరదతో పోటీ పడుతూ ఒక దారిన నడిపించాడన్నది ఒంటరి వీరుడి కథ కంటే పెద్ద సంగతి.

ఈస్టిండియా కంపెనీ ఎందుకు ఒప్పుకుందన్నది కూడా చెప్పుకోవాలి. రాజమండ్రి జిల్లా శిస్తు పడిపోతోందని, ఎందుకు పడిపోతోందో తేల్చమని హెన్రీ మౌంట్‌గోమరీని పంపారు. కాటన్ నివేదికలు కూడా పెట్టుబడికి ఎంత రాబడి వస్తుందో లెక్కగట్టి చూపించాయి. ఆకలి చావులు ఆయన్ని కదిలించాయి, అది ఆయన రాతల్లో స్పష్టంగానే ఉంది. కానీ మదరాసునూ లండన్‌నూ కదిలించింది రాబడి. ఒకే పనికి ఈ రెండు భాషల్లోనూ వాదించడం ఆయనకు తెలుసు. ప్రజాహితం కోరుకునేవాళ్లు చాలామంది ఓడిపోయేది ఇక్కడే. తమ మనసును కదిలించిన కారణమే ఎదుటివాడినీ కదిలిస్తుందనుకుంటారు.

విగ్రహాల చుట్టూ అసలే వినిపించని విషయం ఒకటి మిగిలింది: కాటన్ ఓడిపోయిన పనులు.

గోదావరి విజయం తర్వాత ఆయన నమ్మకం ఒకటి హద్దు దాటింది. నీళ్లు ఇస్తే చాలు, ఎక్కడైనా పొలాలు పండుతాయి, పడవలు నడుస్తాయి, పెట్టుబడి తిరిగొస్తుందన్న నమ్మకం. రైలుకంటే కాలువ చౌక అని ఆయన జీవితాంతం వాదించాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్టు కమిటీ ముందు కూర్చుని ఆ వాదన మీద గట్టి ప్రశ్నలకు జవాబులు చెప్పాల్సి వచ్చింది. ఎగువ గోదావరిలో నాగపూర్ వైపు పడవలు నడపాలన్న పథకం రాతి అడ్డంకుల దగ్గర చతికిలబడింది. 1871లో ప్రభుత్వం దాన్ని వదిలేసింది. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ కలకు గుర్తుగా మిగిలింది. ఇక కర్నూలు-కడప కాలువ. సుంకేసుల దగ్గర తుంగభద్ర మీద ఆనకట్ట కట్టి, మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1860ల్లో తవ్వించింది. ప్రభుత్వం వడ్డీ హామీ ఇచ్చిన ప్రైవేటు కంపెనీ అది. తవ్వకం ఖర్చు పెరిగిపోయింది, నీళ్లు కొనే రైతులు రాలేదు. రాకపోవడానికి కారణం ఉంది. ఆ నల్లరేగడి నేలల్లో తేమ నిలుస్తుంది, జొన్న, పత్తి వానతో పండుతాయి. మామూలు ఏడాదిలో రైతుకు నీళ్లు కొనే అవసరం లేదు, కరువు ఏడాది మాత్రమే కావాలి. ఏటా నీళ్లు అమ్ముడుపోతాయన్న లెక్క మీద పెట్టిన కంపెనీ నిలబడలేదు. 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసుకుంది. ఇప్పుడు అదే కేసీ కెనాల్ కింద 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. కాలువ ఎందుకూ పనికిరానిది కాదు. దాని వెనకున్న లెక్క గోదావరి లెక్క, నేల మాత్రం గోదావరి నేల కాదు.

ధవళేశ్వరంలో కాటన్‌ను గెలిపించింది ముందు నేలను కొలవడం, స్థానికుల దగ్గర నేర్చుకోవడం. కర్నూలులో ఓడించింది ఆ రెండూ జరగకపోవడం. అక్కడి రైతు ఏ పంట ఎందుకు వేస్తాడో లెక్కలోకి రాలేదు. గెలిచిన మనిషి తన గెలుపునే ప్రమాణంగా తీసుకుని తర్వాతి చోటికి వెళ్లినప్పుడు ఇలా అవుతుంది. ఆదర్శ పురుషుల జీవితాలను విద్యార్థులకు చెప్పేటప్పుడు ఈ రెండో సగం వదిలేస్తే, ఎక్కువ ఉపయోగపడే సగాన్ని వదిలేసినట్టే.

ఆనకట్ట కట్టడంతో పని అయిపోలేదన్నది మరో సంగతి. దిగువన పరిచిన రాళ్లను వరద లాక్కుపోతూనే ఉంటుంది, మళ్లీ మళ్లీ కొత్త రాయి వేయాల్సిందే. తర్వాతి దశాబ్దాల్లో కట్ట ఎత్తు పెంచి పైన తలుపులు బిగించారు. చివరికి పాత కట్టడం అలిసిపోయింది. 1970ల్లో మొదలుపెట్టి 1982 నాటికి కొత్త బ్యారేజీ కట్టారు. ధవళేశ్వరం పాయ మీద 70 గేట్లు, ర్యాలి మీద 43, మద్దూరు మీద 23, విజ్జేశ్వరం మీద 39, మొత్తం 175. పేరు మాత్రం పాతదే: సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద దాని మీదుగా పోయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో 10 లక్షల ఎకరాలు ఇప్పుడు దీని కిందే ఉన్నాయి.

బాగోగులు చూడని చోటు మురుగు కాలువలు. నీళ్లు తెచ్చే కాలువకు పూజలు జరిగాయి, నీళ్లు తీసేసే కాలువకు పూడికా గుర్రపుడెక్కా మిగిలాయి. మురుగు సరిగా పోకపోతే వానాకాలంలో వరి మడి నిలువునా మునుగుతుంది. 1960ల్లో మిత్రా కమిటీ కృష్ణా గోదావరి డెల్టాల మురుగు సమస్యనే పరిశీలించింది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు ధర, కూలీలతో పాటు ముంపు కూడా వాళ్ల గోడులో ఉంది. కాటన్ జయంతికి ఒక దండ తక్కువైనా ఫర్వాలేదు, ఆ రోజున ఊరి మురుగు కాలువలో ఒక కిలోమీటరు పూడిక తీస్తే అది ఆయన పనిని కొనసాగించినట్టు.

నిలిచిన మురుగులో మరో బెడద పెరుగుతుంది. బోదకాలును మోసుకొచ్చే క్యూలెక్స్ దోమకు మురికి నీళ్లంటే ప్రాణం. గోదావరి జిల్లాలు బోదకాలుతో తరతరాలుగా బాధపడ్డాయి. ఆ జబ్బుకు మందు తయారు చేసిన బృందానికి నాయకుడు ఇదే డెల్టాలో, భీమవరంలో, 1895 జనవరి 12న పుట్టినవాడు: యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసులో వైద్యం చదివి, 1920ల్లో అమెరికా వెళ్లాడు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనిపెట్టాడు, ఇప్పటికీ దానికి వాళ్లిద్దరి పేర్లే ఉన్నాయి. తర్వాత లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించాడు. ఫోలిక్ ఆమ్లం, పిల్లల రక్త క్యాన్సర్‌లో మొదట ఆశ చూపించిన మందులు, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్ (డీఈసీ) అక్కడి పనిలోంచే వచ్చాయి. 1948లో యాభై మూడేళ్లకే పోయాడు.

ఒకే డెల్టా ఇద్దరికీ రుణపడి ఉంది, ఒకరిని ఇంటి పేరులా తలుచుకుంటుంది, రెండోవారిని చదువుకున్న కొందరే ఎరుగుదురు. కారణం ఎవరు ఎక్కువ మేలు చేశారన్నది కాదు. నీళ్లు రోజూ కళ్లెదుట పారుతాయి, లాకు మీద పేరుంటుంది, తాత మనవడికి చూపించి చెప్పడానికి ఒక చోటుంది. మాత్రకు చోటు లేదు. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి, వయసును బట్టి ఒకటి, రెండు, మూడు డీఈసీ మాత్రలు లెక్కపెట్టి, తన ఎదుటే మింగించి, వేలి మీద సిరా గుర్తు పెట్టి పక్క గుమ్మానికి వెళ్తుంది. మింగిన మనిషి గ్లాసు అరుగు మీద పెట్టి లోపలికి పోతాడు. అరుగు ముందు కాలువ, దాని గట్టు మీద కాటన్ దొర.